సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కేసు: బాండ్ల గడువు కాగితం మీద ఉంది, డిపాజిట్ల గడువు ఊహలో ఉంది

2023 మార్చి 9, గురువారం. సిలికాన్ వ్యాలీ బ్యాంక్ నుంచి ఆ ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు బయటికి వెళ్ళాయి. మర్నాటికి ఇంకో 100 బిలియన్లు తీసేసుకోవడానికి కస్టమర్లు సిద్ధంగా ఉన్నారు. రెండూ కలిపితే మొత్తం డిపాజిట్లలో దాదాపు 85 శాతం. శుక్రవారం కాలిఫోర్నియా రెగ్యులేటర్ బ్యాంకు మూసేసి, డిపాజిట్లకి బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ చేతికిచ్చింది. 2022 చివరికి 209 బిలియన్ డాలర్ల ఆస్తులతో అమెరికాలో 16వ పెద్ద బ్యాంకుగా ఉన్న సంస్థ ఇది. దాని దగ్గరున్న బాండ్లలో ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వ అండ ఉన్న ఏజెన్సీల మార్ట్‌గేజ్ బాండ్లు (ఇంటి అప్పుల వాయిదాల నుంచి చెల్లించేవి). ఎగవేతకు గురైనవి వాటిలో లేవు.

నేను ఒక బ్యాంకు ట్రెజరీలో ఏఎల్‌ఎం డెస్క్, అంటే బ్యాంకు ఆస్తులకీ తిరిగివ్వాల్సిన డబ్బుకీ పొంతన చూసే డెస్క్, చూస్తాను. ఈ విషయాలు తేల్చే పెద్దల కమిటీ, ఆల్కో మీటింగ్‌కి వెళ్ళే నోట్ తయారు చేయడం, డిపాజిట్లను, ఇచ్చిన అప్పులను గడువుల వారీగా బకెట్లలో వేయడం, వడ్డీ రేటు కదిలితే మన క్యాపిటల్, అంటే వాటాదారుల మూలధనం, ఏమవుతుందో లెక్కగట్టడం, రోజూ చేసే పని ఇదే. అందుకే ఈ కేసు మీద వచ్చిన రిపోర్టులు, ముఖ్యంగా 2023 ఏప్రిల్ 28న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) బయటపెట్టిన సమీక్ష, అక్షరం వదలకుండా చదివాను. బయట వచ్చిన వ్యాసాల్లో చాలావరకు “రేట్లు పెరిగాయి, బాండ్ల ధర పడిపోయింది, బ్యాంకు మునిగింది” అని మూడు ముక్కల్లో తేల్చేశాయి. అది నిజమే కానీ సగం నిజం. ఎఫ్‌డీఐసీ లెక్క ప్రకారం 2022 చివరికి అమెరికా బ్యాంకులన్నిటి దగ్గరా కలిపి పుస్తకాల్లోకి రాని బాండ్ల నష్టం దాదాపు 620 బిలియన్ డాలర్లు ఉంది. మరి అన్నీ మునగలేదే? సిలికాన్ వ్యాలీ బ్యాంక్‌ని (ఎస్‌వీబీ) ముంచింది డిపాజిట్లు ఎంతకాలం ఉంటాయన్న అంచనా, నేను ఈ కేసులో చెప్పదలచుకున్నది అదే.

డబ్బు ఎలా వచ్చి పడింది

1983లో మొదలైన ఎస్‌వీబీ స్టార్టప్‌ల బ్యాంకు. కొత్త కంపెనీల్లో వాటాలు కొనే వెంచర్ ఫండ్ ఒక కంపెనీలో పెట్టుబడి పెడితే ఆ డబ్బు నేరుగా ఇక్కడి కరెంటు ఖాతాలోకి వచ్చేది. కంపెనీ దాన్ని నెలనెలా జీతాలకి, సర్వర్లకి ఖర్చు పెట్టుకుంటూ, అయిపోయే లోపు ఇంకో రౌండ్ పెట్టుబడి తెచ్చుకునేది. 2020, 2021ల్లో వెంచర్ డబ్బు వరదలా వచ్చింది. 2019 చివర్లో 62 బిలియన్లు ఉన్న డిపాజిట్లు 2020 చివరికి 102, 2021 చివరికి 189 బిలియన్లు అయ్యాయి. రెండేళ్ళలో మూడింతలు.

ఇంత డబ్బు వచ్చి పడితే బ్యాంకు ఏం చేయాలి? అప్పులుగా ఇవ్వాలి. కానీ స్టార్టప్‌ల చేతిలోనే డబ్బు నిండుగా ఉంది, వాళ్ళకి అప్పు ఎందుకు? కాబట్టి బాండ్లు కొన్నారు. హెచ్‌టీఎం, అంటే గడువు తీరేదాకా అమ్మకుండా ఉంచుకుంటామని వేరుగా పెట్టే బాండ్ల పద్దు, 2020 చివర్లో 16.6 బిలియన్లు ఉండేది, 2021 చివరికి 98 బిలియన్లు అయింది.

ఇక్కడ ఆగి ఆ రోజుల్లో వాళ్ళ ముందున్న లెక్క చూడాలి, ఎందుకంటే ఎవరికైనా నోరూరించే లెక్క అది. 2021లో మూడు నెలల ట్రెజరీ బిల్లు (ప్రభుత్వం తీసుకునే పొట్టి గడువు అప్పు) మీద వడ్డీ దాదాపు సున్నా. పదేళ్ళ బాండ్ మీద ఒకటిన్నర శాతం అటూ ఇటూ. 80 బిలియన్లని బిల్లుల్లో ఉంచితే ఆదాయం దాదాపు ఏమీ ఉండదు. అదే పొడవైన బాండ్లలో పెడితే ఏడాదికి 1.2 బిలియన్ల దాకా అదనపు ఆదాయం, పన్నుకి ముందు. ఆ ఏడాది బ్యాంకు నికర లాభమే 1.8 బిలియన్ల దగ్గర. కాబట్టి ఆల్కోలో ఎవరైనా “ఈ డబ్బు నిలవదు, బిల్లుల్లోనే ఉంచుదాం” అని అంటే, లాభంలో అంత పెద్ద ముక్క వదులుకుందామని అన్నట్టే. ఆ మాట అనడానికి గట్టి గుండె కావాలి, వెనక గట్టి లెక్క కూడా ఉండాలి. అలాంటి లెక్క చేతిలో ఉంచడమే ఏఎల్‌ఎం డెస్క్ పని.

రేట్లు కదిలాక

2022 మార్చి నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఫెడ్ తన రేటుని సున్నా స్థాయి నుంచి 4.5–4.75 శాతానికి తీసుకెళ్ళింది. ఎస్‌వీబీ హెచ్‌టీఎం పద్దు మీద వచ్చే సగటు రాబడి 1.66 శాతం, డ్యురేషన్ 6.2 ఏళ్ళు. డ్యురేషన్ అంటే తెలియని వాళ్ళ కోసం: రేటు ఒక శాతం పెరిగితే బాండ్ ధర సుమారుగా ఎన్ని శాతం పడుతుందో చెప్పే అంకె. 6.2 అంటే శాతానికి ఆరు శాతం పైన నష్టం. 2022 చివరికి ఆ పద్దులో పుస్తకాల విలువ 91 బిలియన్లు, మార్కెట్ విలువ 76 బిలియన్లు. తేడా 15 బిలియన్లకు పైన. వాటాదారుల మూలధనం 16 బిలియన్లు. అంటే హెచ్‌టీఎం నష్టం ఒక్కటీ ఒప్పుకుంటే చాలు, మూలధనం దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది.

మార్ట్‌గేజ్ బాండ్లకి ఇంకో గుణం ఉంది. రేట్లు పెరిగినప్పుడు ఇల్లు కొన్నవాళ్ళు పాత చౌక అప్పుని ముందే తీర్చరు, పట్టుకుని కూర్చుంటారు. దాంతో బాండ్ గడువు ఇంకా సాగుతుంది. అంటే పొట్టి గడువు అవసరమైన సమయంలోనే అది పొడవవుతుంది. పోర్ట్‌ఫోలియోలో ఏజెన్సీ మార్ట్‌గేజ్‌లు ఎక్కువున్నవాళ్ళు 2022లో ఇది కళ్ళారా చూశారు.

హెడ్జింగ్, అంటే ఎదురు ఒప్పందంతో రిస్కు నుంచి కాపాడుకోవడం, ఆ సంగతి కూడా చెప్పాలి. అమెరికా అకౌంటింగ్ నిబంధనల ప్రకారం హెచ్‌టీఎం బాండ్ల మీద వడ్డీ రేటు రిస్కుకి హెడ్జ్ అకౌంటింగ్ (కాపాడే ఒప్పందం లాభనష్టాలని బాండ్ లాభనష్టాలతో కలిపి చూపించడం) కుదరదు. అంటే బాండ్‌ని ఆ పద్దులో పెట్టిన రోజే ఒక తలుపు మూసుకుపోతుంది. ఏఎఫ్‌ఎస్ పద్దు మీద, అంటే అవసరమైతే అమ్ముకోవచ్చని పెట్టుకున్న బాండ్ల మీద, 2021 చివర్లో పది బిలియన్లకు పైగా స్వాప్‌లు, అంటే స్థిర వడ్డీ ఇచ్చి మారే వడ్డీ తీసుకునే ఒప్పందాలు, ఉండేవి. 2022 చివరికి మిగిలినవి 0.55 బిలియన్లు. ఎందుకు తీసేశారు? రేట్లు మళ్ళీ పడిపోతే ఆదాయం తగ్గుతుందని భయపడ్డారు, స్వాప్‌లు విప్పితే అప్పటికి వచ్చిన లాభమూ పుస్తకాల్లోకి వస్తుంది. రేట్లు పెరుగుతున్న ఏడాదిలో, పెరుగుదల నుంచి కాపాడే గొడుగు మడిచి పక్కన పెట్టారు.

ఒకే ఒక్క అంకె మార్చారు

ఈ కేసు మొత్తంలో నేను పదే పదే వెనక్కి వెళ్ళి చదివిన భాగం ఇది.

వడ్డీ రేటు రిస్కుని రెండు రకాలుగా కొలుస్తారు. ఒకటి, వచ్చే ఏడాది రెండేళ్ళలో వడ్డీ ఆదాయం ఎలా మారుతుంది, దాన్ని ఎన్‌ఐఐ అంటాం. రెండోది ఈవీఈ, అంటే రేటు మారితే ఆస్తుల మొత్తం విలువ, డిపాజిట్ల లాంటి బ్యాంకు తిరిగివ్వాల్సిన అప్పుల మొత్తం విలువ ఎంతెంత మారతాయి, మధ్యలో మిగిలే క్యాపిటల్ విలువ ఎంత కదులుతుంది అన్నది. మొదటి లెక్క ఎస్‌వీబీకి బాగానే కనిపించేది, ఎందుకంటే డిపాజిట్ల మీద వడ్డీ ఇవ్వక్కర్లేదు, రేట్లు పెరిగితే ఆదాయం పెరుగుతుందని మోడల్ చెప్పేది. రెండో లెక్క ప్రమాదం చూపిస్తోంది, బ్యాంకు సొంతంగా పెట్టుకున్న పరిమితులు దాటేసింది.

అప్పుడు, 2022 ఏప్రిల్‌లో, ఒక కన్సల్టెంట్ చేసిన స్టడీ, సొంత విశ్లేషణ ఆధారంగా డిపాజిట్ల డ్యురేషన్ అంచనాని పెంచారు. అంటే “మా డిపాజిట్లు మేం అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం ఉంటాయి” అన్నారు. దాంతో కాగితం మీద ఈవీఈ రిస్కు తగ్గిపోయింది. ఫెడ్ సమీక్ష ఆ మార్పుకి సరైన ఆధారం లేదని, బ్యాలెన్స్ షీటు మీద నుంచి రిస్కు ఏమీ తగ్గలేదని సూటిగా రాసింది.

ఆ ఒక్క అంకెకి ఎంత శక్తి ఉందో చిన్న లెక్కతో చూద్దాం. ఇవి ఎస్‌వీబీ అంకెలు కావు, అర్థం కావడానికి నేను వేసినవి. ఆస్తులు 100, వాటి డ్యురేషన్ 4 ఏళ్ళు. డిపాజిట్లు 92, క్యాపిటల్ 8. రేటు 2 శాతం పెరిగిందనుకుందాం. ఆస్తుల విలువ 8 తగ్గుతుంది. డిపాజిట్లు సగటున ఒక్క ఏడాదే ఉంటాయని అనుకుంటే వాటి విలువ 1.84 తగ్గుతుంది, అది మనం తిరిగివ్వాల్సినది కాబట్టి మనకి లాభం. నికరంగా 6.16 నష్టం, అంటే 8లో 77 శాతం పోయింది. ఆల్కోలో ఈ అంకె చూసిన ఏ ఎండీ అయినా ఆ రోజు మీటింగ్ ముందుకు సాగనివ్వడు. ఇప్పుడు ఏమీ అమ్మొద్దు, ఏమీ కొనొద్దు, ఎక్సెల్‌లో ఒక్క గడి మార్చి డిపాజిట్లు 3 ఏళ్ళు ఉంటాయని రాద్దాం. డిపాజిట్ల విలువ 5.52 తగ్గుతుంది, నికర నష్టం 2.48, క్యాపిటల్‌లో 31 శాతం. బాండ్లు అవే, డిపాజిటర్లు అవే, ఎరుపు రంగులో ఉన్న గడి పసుపులోకి వచ్చింది.

చేబదులు తెచ్చి స్థలం కొన్నట్టు ఇది. స్థలం మంచిదే, పత్రాలు పక్కా, పదేళ్ళు ఆగితే పెట్టిన డబ్బు వస్తుంది కూడా. కానీ చేబదులు ఇచ్చినవాడు ఎప్పుడు అడుగుతాడో నువ్వు అనుకుంటే సరిపోదు.

ఆధారం లేదని ఎందుకు అన్నారంటే, డిపాజిట్ స్టడీ ఎప్పుడూ గతం చూసి చేస్తాం. ఎస్‌వీబీ గతంలో ఉన్నది సున్నా వడ్డీ కాలం, వెంచర్ డబ్బు పెరుగుతూ పోయిన కాలం. ఆ కాలంలో డబ్బు తీసుకెళ్ళాల్సిన అవసరమే ఎవరికీ లేదు, కాబట్టి డిపాజిట్లు ఎంతో నమ్మకంగా కనిపిస్తాయి. పైగా మొత్తం డిపాజిట్లలో సగానికి దగ్గర డబ్బు 2021 ఒక్క ఏడాదిలో వచ్చింది. ఏడాది వయసు లేని డబ్బు మీద “సగటున ఇన్నేళ్ళు ఉంటుంది” అని ఎలా చెప్పగలం? మన దగ్గర కూడా ఇదే జరుగుతుంది. నోట్ల రద్దు తర్వాత 2016 నవంబర్, డిసెంబర్‌లలో సేవింగ్స్ ఖాతాల్లోకి వచ్చి పడ్డ డబ్బుని పాత డబ్బుతో కలిపి సగటు తీస్తే స్టడీ పనికిరాకుండా పోతుంది. వరదలో వచ్చిన డబ్బుని వేరే బకెట్‌లో పెట్టి చూడాల్సిందే.

కనపడుతూనే ఉన్న సూచన

2022 మధ్యకల్లా వెంచర్ పెట్టుబడులు తగ్గాయి. స్టార్టప్‌లు కొత్త రౌండ్ దొరక్క ఉన్న డబ్బు ఖర్చు పెట్టుకోవడం మొదలుపెట్టాయి. 2022 చివరికి మొత్తం డిపాజిట్లు 173 బిలియన్లు, ఏడాదిలో 16 బిలియన్లు తగ్గాయి. ఇది చూస్తే పెద్ద కంగారేమీ అనిపించదు. కానీ లోపల చూడండి: వడ్డీ ఇవ్వక్కర్లేని డిపాజిట్లు 126 బిలియన్ల నుంచి 81 బిలియన్లకు పడ్డాయి. 45 బిలియన్లు! ఖర్చయిపోగా మిగిలిన డబ్బు వడ్డీ వచ్చే ఖాతాల్లోకి మారిపోతోంది. డ్యురేషన్ పెంచుతూ ఏప్రిల్‌లో వేసిన అంచనా అదే ఏడాది చివరికల్లా తప్పని వాళ్ళ సొంత బ్యాలెన్స్ షీటే చెప్పింది.

దాని ఖరీదు కూడా చిన్నది కాదు. వడ్డీ లేని 10 బిలియన్ల డిపాజిట్ పోయి, దాని చోట 4.7 శాతానికి అప్పు తేవాల్సి వస్తే, ఆ డబ్బుతో కొన్న బాండ్ ఇచ్చేది 1.66 శాతం. ఏడాదికి 300 మిలియన్ డాలర్ల చిల్లు, ప్రతి 10 బిలియన్లకి. బ్యాంకు 2022 చివరికి, బ్యాంకులకి తాకట్టు మీద అప్పిచ్చే ఫెడరల్ హోమ్ లోన్ బ్యాంక్ దగ్గర 15 బిలియన్లు అప్పు తెచ్చుకుని ఉంది.

ఇంకో మూడు విషయాలు గబగబా. డిపాజిట్లలో 94 శాతానికి బీమా లేదు, ఎందుకంటే అమెరికాలో బీమా 2,50,000 డాలర్ల దాకానే, స్టార్టప్ ఖాతాలో మిలియన్లు ఉంటాయి. పది పెద్ద ఖాతాల్లోనే 13.3 బిలియన్లు ఉన్నాయి. 2022లో చాలా నెలలు చీఫ్ రిస్క్ ఆఫీసర్ కుర్చీ ఖాళీగా ఉంది.

బ్యాంకుని పర్యవేక్షించే ఫెడ్ సూపర్‌వైజర్లకి తెలియక కాదు. బ్యాంకు మూతపడే నాటికి 31 సూపర్‌వైజరీ అభ్యంతరాలు తెరిచే ఉన్నాయి. 2022 నవంబర్‌లో వడ్డీ రేటు రిస్కు మోడలింగ్ మీద కూడా ఒకటి రాశారు. రాశారు గానీ, గట్టిగా ఒత్తిడి పెట్టలేదు. 2018 చట్టం, 2019 నిబంధనల తర్వాత ఆ సైజు బ్యాంకులకి నియమాలు సడలించారు. నెల రోజుల ఒత్తిడిలో బయటికి పోయే డబ్బుకి సరిపడా, వెంటనే డబ్బుగా మార్చుకోగల ఆస్తులు ఉంచాలన్న ఎల్‌సీఆర్ నియమం ఎస్‌వీబీకి వర్తించలేదు. ఏఎఫ్‌ఎస్ నష్టాన్ని రెగ్యులేటరీ క్యాపిటల్ నుంచి తీసేయాల్సిన పని కూడా లేకపోయింది. పూర్తి ఎల్‌సీఆర్ పెట్టి ఉంటే 2022 డిసెంబర్‌లో 9 శాతం, 2023 ఫిబ్రవరిలో 17 శాతం లోటు కనిపించేదని ఫెడ్ సమీక్ష లెక్కగట్టింది.

మూడు రోజులు

మార్చి 8, బుధవారం సాయంత్రం బ్యాంకు ఒక ప్రకటన ఇచ్చింది. ఏఎఫ్‌ఎస్ పద్దులోని 21 బిలియన్ల బాండ్లు అమ్మేశాం, పన్ను పోను 1.8 బిలియన్ల నష్టం వచ్చింది, 2.25 బిలియన్ల కొత్త క్యాపిటల్ తెచ్చుకుంటాం అని. అమ్మిన బాండ్ల సగటు రాబడి 1.79 శాతం, డ్యురేషన్ 3.6 ఏళ్ళు.

ఏఎఫ్‌ఎస్ మాత్రమే ఎందుకు అమ్మారు? హెచ్‌టీఎంలో ఒక్క ముక్క అమ్మినా “గడువు దాకా ఉంచుకుంటాం” అన్న మాట పోయినట్టే, అప్పుడు ఆ పద్దు మొత్తం మార్కెట్ ధరకి చూపించాల్సి వస్తుంది. 15 బిలియన్ల నష్టం ఒక్కసారిగా బయటపడుతుంది. ప్రకటనలోని మాటలు ఎంత ధీమాగా ఉన్నా, చదవడం తెలిసినవాళ్ళకి అర్థమైంది ఒకటే: అమ్మగలిగింది అమ్మేశారు, మిగిలినది అమ్మలేనిది. అదే రోజు క్రిప్టో కంపెనీల బ్యాంకు సిల్వర్‌గేట్ తాను మూసేసుకుంటున్నానని ప్రకటించింది, దాంతో భయం రెట్టింపయింది.

గురువారం పొద్దున్నుంచి వెంచర్ ఫండ్లు తమ కంపెనీలకి డబ్బు తీసేయమని చెప్పడం మొదలుపెట్టాయి. వేల కంపెనీలు, కానీ సలహా ఇచ్చేవాళ్ళు కొద్దిమందే, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఎల్‌సీఆర్ లెక్కలో పెద్ద కంపెనీల మామూలు డిపాజిట్లు 30 రోజుల ఒత్తిడిలో 40 శాతం పోతాయని అనుకుంటాం, రోజువారీ లావాదేవీలకి వాడే డిపాజిట్లైతే 25 శాతం. ఎస్‌వీబీలో నెల మొత్తానికి అనుకునే 25 శాతం ఒక్క పని దినంలో వెళ్ళిపోయింది. మొబైల్‌లో నాలుగు నొక్కులు, అంతే.

హెచ్‌టీఎం అమ్మకూడదు సరే, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు కదా? తెచ్చుకోవచ్చు. తాకట్టు పెడితే పద్దు చెడదు. ఆ రోజు రాత్రి బ్యాంకు ఆ ప్రయత్నమే చేసింది. కానీ బాండ్లు వాటిని భద్రపరిచే కస్టడీ బ్యాంకు దగ్గర, శాన్ ఫ్రాన్సిస్కోలోని హోమ్ లోన్ బ్యాంక్ దగ్గర ఉన్నాయి, బ్యాంకులకి అత్యవసర అప్పిచ్చే ఫెడ్ డిస్కౌంట్ విండో దగ్గర ముందే పెట్టుకున్నది 5 బిలియన్ల చిల్లరే. తాకట్టుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలంటే కాగితాలు కదలాలి, సిస్టమ్‌లు తెరిచి ఉండాలి, అవతలి వాళ్ళు ఫోన్ ఎత్తాలి. టైం సరిపోలేదు. 2022లో ఆ బ్యాంకు డిస్కౌంట్ విండో నుంచి తెచ్చుకోవడాన్ని ఒక్కసారి కూడా పరీక్షించి చూసుకోలేదు. ఇది నాకు రేటు రిస్కు కంటే ఎక్కువ బాధ కలిగించిన విషయం. బాండ్లు తప్పుగా కొనడం ఒక నిర్ణయం, దాని వెనక వాదన ఉంటుంది. తాకట్టు సిద్ధంగా పెట్టుకోకపోవడానికి ఏ వాదనా లేదు.

ఆదివారం, మార్చి 12న, ప్రభుత్వం బీమా లేని డిపాజిట్లకి కూడా పూర్తి భరోసా ఇచ్చింది. ఫెడ్ బీటీఎఫ్‌పీ అనే కొత్త సదుపాయం పెట్టి బాండ్లని మార్కెట్ ధర లెక్కన కాకుండా ముఖ విలువ లెక్కన తాకట్టు తీసుకుని ఏడాది దాకా అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది. నెలాఖరులో ఫస్ట్ సిటిజన్స్ బ్యాంక్ 72 బిలియన్ల ఆస్తులని 16.5 బిలియన్ల తగ్గింపుతో కొనుక్కుంది. ఎఫ్‌డీఐసీ బీమా నిధికి పడిన నష్టం 20 బిలియన్ల స్థాయిలో.

ఆ మూడు రోజుల టెన్షన్ మనవాళ్ళకీ తగిలింది. అమెరికాలో కంపెనీ రిజిస్టర్ చేసి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో టీమ్ నడిపే స్టార్టప్‌లకి జీతాల డబ్బు అక్కడే ఉంది. భారతీయ స్టార్టప్‌ల డిపాజిట్లు అక్కడ ఒక బిలియన్ డాలర్ల దాకా ఉండొచ్చని అప్పటి ఐటీ సహాయ మంత్రి అన్నారు.

మన బ్యాంకులు ఎందుకు తట్టుకున్నాయి

అదే సమయంలో ఇక్కడ కూడా రేట్లు పెరిగాయి. 2022 మేలో 4 శాతం నుంచి మొదలై 2023 ఫిబ్రవరికి రెపో (బ్యాంకులకి ఆర్బీఐ అప్పిచ్చే రేటు) 6.5 శాతం అయింది. మన బ్యాంకుల దగ్గర కూడా హెచ్‌టీఎం కొండంత ఉంది, ఎస్‌ఎల్‌ఆర్, అంటే డిపాజిట్లలో ఇంత భాగం ప్రభుత్వ బాండ్ల లాంటి వాటిలో ఉంచాలన్న నియమం, కింద 18 శాతం ఉంచక తప్పదు కదా. అయినా ఏమీ కాలేదు. కారణాల్లో ఒకటి ఆస్తుల వైపుది: 2019 అక్టోబర్ నుంచి రిటైల్, చిన్న వ్యాపారాల ఫ్లోటింగ్ అప్పులు బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపడ్డాయి, రెపో పెరిగితే ఈఎంఐ పెరుగుతుంది, బ్యాంకు ఆదాయమూ పెరుగుతుంది. పెద్ద కారణం డిపాజిట్ల వైపుది. మన డిపాజిట్లలో సింహభాగం ఇళ్ళ డబ్బు, కోట్ల ఖాతాల్లో చిన్న చిన్న మొత్తాలుగా ఉంటుంది. విజయవాడలో రిటైర్డ్ టీచర్, వరంగల్‌లో బట్టల కొట్టు యజమాని, ఆదిలాబాద్‌లో పత్తి రైతు ఒకే గ్రూపులో ఉండరు, ఒకే గంటలో డబ్బు తీయరు.

అలాగని మనకి ఇలాంటి అనుభవం లేదనలేం. 2018 సెప్టెంబర్‌లో మౌలిక వసతుల ఫైనాన్స్ సంస్థ ఐఎల్‌ అండ్ ఎఫ్‌ఎస్ చెల్లింపులు ఆగిపోయినప్పుడు, కమర్షియల్ పేపర్ (కంపెనీలు రాసిచ్చే పొట్టి గడువు అప్పు పత్రం)తో మూడు నెలల డబ్బు తెచ్చి పదిహేనేళ్ళ ఇంటి అప్పులిచ్చిన ఎన్‌బీఎఫ్‌సీలకి, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకి, ఊపిరి ఆడలేదు. అక్కడ కూడా ఆస్తులు ఫలానా కాలానికి తిరిగొస్తాయని తెలుసు, మూడు నెలల పేపర్ గడువు తీరగానే మళ్ళీ కొత్తది దొరుకుతుందన్నది మాత్రం ఊహ. 2019 నవంబర్‌లో ఆర్బీఐ ఎన్‌బీఎఫ్‌సీలకి లిక్విడిటీ రిస్కు నిబంధనలు, 2020 డిసెంబర్ నుంచి పెద్దవాటికి ఎల్‌సీఆర్ తెచ్చింది ఆ దెబ్బ చూశాకే.

మా డెస్క్ పనిలో ఈ కేసు దగ్గరగా తగిలే చోటు కాసా బకెటింగ్, అంటే కరెంటు, సేవింగ్స్ ఖాతాల డబ్బుని ఏ గడువులో చూపించాలన్నది. 1999లో ఆర్బీఐ ఇచ్చిన ఏఎల్‌ఎం మార్గదర్శకాల్లో సేవింగ్స్‌లో 10 శాతం, కరెంటులో 15 శాతం అస్థిరమైనవని, మిగతాది ఒకటి నుంచి మూడేళ్ళ బకెట్‌లో వేయొచ్చని సూచన ఉంది, సొంత స్టడీ చేసుకోగలిగితే అది వాడుకోవచ్చు. ఆ “సొంత స్టడీ” అన్న మాట దగ్గరే ఎస్‌వీబీ జారిపడింది. కాబట్టి స్టడీ ఫలితం రిస్కుని తగ్గించి చూపిస్తే దాని మీద రెండింతలు ప్రశ్నలు వేయాలి, పెంచి చూపిస్తే మామూలుగా చూసినా సరిపోతుంది. పరిమితి దాటిన నెలలోనే అంచనా మార్చే ప్రతిపాదన వస్తే, దాన్ని తయారు చేసిన టీమ్ కాకుండా వేరేవాళ్ళు పరిశీలించాలి. పాత అంచనాతో వచ్చే అంకెని కనీసం నాలుగు క్వార్టర్లు కొత్త అంకె పక్కనే ఆల్కోకి చూపించాలి. బోర్డు మెంబర్‌కి మోడల్ తెలియకపోవచ్చు, కానీ పక్కపక్కనే 77, 31 కనిపిస్తే ఎందుకని అడగడం ఎవరికైనా తెలుసు.

ప్రపంచ బ్యాంకింగ్ ప్రమాణాలు రాసే బాసెల్ కమిటీ 2016లో వడ్డీ రేటు రిస్కు మీద ఇచ్చిన ఐఆర్‌ఆర్‌బీబీ ప్రమాణాల్లో ఇలాంటి అంచనాలకి పగ్గం వేసింది. రిటైల్ లావాదేవీ డిపాజిట్లలో 90 శాతం దాకా, సగటున 5 ఏళ్ళ దాకా కోర్‌గా, అంటే నిలిచి ఉండే డబ్బుగా, చూపించొచ్చు. కంపెనీల డిపాజిట్లైతే 50 శాతం, 4 ఏళ్ళు మించకూడదు. ఈవీఈ నష్టం టైర్ 1 క్యాపిటల్ (బ్యాంకు ప్రధాన మూలధనం)లో 15 శాతం దాటితే ఆ బ్యాంకుని ప్రత్యేకంగా చూడాలి. ఆర్బీఐ మన తుది మార్గదర్శకాలు ఇచ్చింది 2023 ఫిబ్రవరి 17న, ఎస్‌వీబీ కూలడానికి సరిగ్గా మూడు వారాల ముందు.

డిపాజిటర్ల జాబితా చూసే పద్ధతి కూడా మారాలని నా గట్టి అభిప్రాయం. టాప్ 20 డిపాజిటర్ల శాతం అందరం రాస్తాం. అది సరిపోదు. ఆ ఇరవై మందికీ డబ్బు వచ్చే మూలం ఒకటేనా అని చూడాలి. ఇరవై వేర్వేరు పేర్లు ఉండొచ్చు, కానీ అన్నీ ఒకే రాష్ట్ర ప్రభుత్వ సంస్థలైతే, లేదా ఒకే రియల్ ఎస్టేట్ సైకిల్ మీద ఆధారపడిన కంపెనీలైతే, ఏఎల్‌ఎం లెక్కలో అది ఒక్క డిపాజిటరే. బీమా పరిధి దాటిన మొత్తం, మన దగ్గర అది 2020 ఫిబ్రవరి నుంచి ఖాతాదారుకి 5 లక్షలు, విడిగా రాయాలి. తాకట్టు లేకుండా ఉన్న ఎస్‌ఎల్‌ఆర్ సెక్యూరిటీలు ఈ పొద్దున ఎన్ని ఉన్నాయి, మధ్యాహ్నం లోపు వాటి మీద ఎంత డబ్బు తేగలం, గత క్వార్టర్‌లో ఆ పని నిజంగా చేసి చూశామా అన్నది కూడా అదే పేజీలో ఉండాలి.

2025 ఏప్రిల్‌లో ఆర్బీఐ ఎల్‌సీఆర్ నిబంధనలు సవరించింది. ఇంటర్నెట్, మొబైల్ బ్యాంకింగ్ ఉన్న రిటైల్, చిన్న వ్యాపారాల డిపాజిట్ల మీద అదనంగా 2.5 శాతం రన్-ఆఫ్ (ఒత్తిడిలో బయటికి పోతుందని అనుకునే భాగం), 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ముసాయిదాలో అది 5 శాతం ఉండేది, బ్యాంకుల అభ్యంతరాల తర్వాత సగమైంది. రిటైల్ విషయంలో ఆ తగ్గింపుని నేను అర్థం చేసుకోగలను, చిన్న డిపాజిటర్ అంత తేలిగ్గా కదలడు. కానీ ఎస్‌వీబీలో పరిగెత్తింది రిటైల్ కాదు. బీమా లేని కంపెనీల డబ్బు మీద 40 శాతం, అదీ నెల రోజులకి అన్న లెక్క ఇంకా అలాగే ఉంది. నిబంధన వచ్చేదాకా ఆగకుండా, మా ఒత్తిడి పరీక్షల్లో ఆ వర్గానికి 40 శాతాన్ని ఒక్క వారానికే పెట్టి చూడాలని నేను అడుగుతున్నాను.